కాలేజీ హాకీ ఫలితం రింక్ నుంచి రికార్డులోకి ఎలా చేరుతుంది?

మీరు అడిగిన విషయం ఇది: అమెరికాలో కంప్యూటర్ సైన్స్‌లో ఎం.ఎస్. చదువుతూ మీ యూనివర్సిటీ క్రీడా సమాచార విభాగంలో విద్యార్థి సహాయకుడిగా చేరారు. ఐస్ హాకీ ఫలితాలు సేకరించి పంపే బృందంలో మిమ్మల్ని వేశారు. స్కోరు బోర్డు మీద కనబడుతూనే ఉంటుంది, క్షణాల్లో ఫోన్లలోకీ వచ్చేస్తుంది, ఇక తెర వెనుక ఇంతమందికి పనేముంటుంది, మీరు దేని మీద దృష్టి పెట్టాలి అన్నది మీ సందేహం. ఉత్తరాది రాష్ట్రాల రింకుల్లో (మంచు మైదానాల్లో) చాలా సీజన్లుగా ఈ లెక్కల బల్ల దగ్గర పనిచేస్తున్నాను కాబట్టి కొంచెం వివరంగానే రాస్తాను.

ముందు అసలు మాట చెప్పేస్తాను. స్కోరు వేరు, ఫలితం వేరు. స్కోరు రెండు అంకెలే కాబట్టి బోర్డు చూసినవారెవరైనా చెప్పగలరు. ఫలితం అంటే రెండు జట్ల పుస్తకాల్లోనూ, లీగు పుస్తకంలోనూ, కాలేజీ క్రీడల జాతీయ సంస్థ అయిన ఎన్‌సీఏఏ పుస్తకంలోనూ ఒకే విధంగా నమోదై, పదేళ్ల తర్వాత ఎవరు తీసి చూసినా నిలబడే పద్దు. ఆ పద్దు రాయడం, సరిచూడడం, నాలుగు చోట్లా ఒకేలా ఉండేటట్టు చూడడం మీ బృందం పని. త్వరగా పంపడం కూడా అవసరమే గాని, ఈ మూడింటి తర్వాతే దాని వంతు.

పురుషుల మొదటి డివిజన్‌లో అరవైకి పైగా జట్లున్నాయి. ఆరు లీగులు (అట్లాంటిక్ హాకీ అమెరికా, బిగ్ టెన్, సీసీహెచ్‌ఏ, ఈసీఏసీ హాకీ, హాకీ ఈస్ట్, ఎన్‌సీహెచ్‌సీ), వాటితోపాటు ఏ లీగులోనూ లేని కొన్ని స్వతంత్ర జట్లు ఆడతాయి. మహిళల విభాగానికి 2001 నుంచి ఎన్‌సీఏఏ జాతీయ ఛాంపియన్‌షిప్ జరుగుతోంది. అక్టోబరులో మొదలయ్యే పురుషుల సీజన్ ఏప్రిల్‌లో చివరి నాలుగు జట్లు తలపడే ఫ్రోజెన్ ఫోర్‌తో ముగుస్తుంది. ఎక్కువ మ్యాచ్‌లు శుక్ర, శనివారాల రాత్రుల్లోనే, తరచుగా అవే రెండు జట్ల మధ్య వరుసగా జరుగుతాయి. అందువల్ల శుక్రవారం రాత్రి రెండు మూడు గంటల వ్యవధిలో దేశమంతటా డజన్లకొద్దీ మ్యాచ్‌లు ఒకేసారి ముగుస్తాయి. ఏ మ్యాచ్ లెక్కకైనా ఆతిథ్య జట్టే బాధ్యత వహించాలన్నది ఈ రంగంలో మొదటి సూత్రం. మీ పై అధికారి హోదాను అందరూ ఎస్‌ఐడీ (స్పోర్ట్స్ ఇన్ఫర్మేషన్ డైరెక్టర్) అంటారు. 1957లో కోసిడా పేరుతో ఏర్పడి 2022లో కాలేజ్ స్పోర్ట్స్ కమ్యూనికేటర్స్‌గా పేరు మార్చుకున్న సంఘం ఈ వృత్తివారిదే.

మ్యాచ్ జరిగేటప్పుడు ఈ పని రెండు చోట్ల సాగుతుంది. మంచు అంచున, తప్పు చేసిన ఆటగాళ్లు శిక్షగా కూర్చునే పెనాల్టీ బాక్సుల మధ్య ఉండే బల్ల దగ్గర అధికారిక స్కోరర్, గడియారం నడిపేవారు, పెనాల్టీ సమయం చూసేవారు కూర్చుంటారు. పైన ప్రెస్ బాక్సులో గణాంకాల బృందం ఉంటుంది. అందులో ఒకరు షాట్లు లెక్కపెడతారు, ఒకరు ఫేసాఫ్‌లు (పక్ అనే రబ్బరు బిళ్లను ఇద్దరి మధ్య వేసి ఆట మొదలుపెట్టే సందర్భాలు) రాస్తారు, మరొకరు మంచు మీద ఎవరెవరున్నారో నంబర్లు చెబుతారు, ఇంకొకరు అవన్నీ కంప్యూటర్లోకి ఎక్కిస్తారు. క్రికెట్‌లో ఇద్దరు స్కోరర్లు పక్కపక్కన కూర్చుని ఓవర్ ఓవర్‌కీ పుస్తకాలు సరిచూసుకోవడం మీరు చూసే ఉంటారు. ఇక్కడ కింది బల్లకూ పై బల్లకూ మధ్య హెడ్‌సెట్‌లో నడిచే సంభాషణ ఆ పనే చేస్తుంది. తేడా ఏమిటంటే ఇక్కడ ఓవరు ముగియదు, ఆట ఆగదు.

ఒక గోల్‌ను దగ్గరగా చూద్దాం. మొదటి పీరియడ్‌లో గడియారం మీద 13:42 ఉన్నప్పుడు గోల్ పడిందనుకోండి. 20 నిమిషాల పీరియడ్‌లో గడియారం వెనక్కి నడుస్తుంది, స్కోర్‌షీట్‌లో మాత్రం గడిచిన సమయం రాయాలి. అంటే ఆ గోల్ సమయం 6:18. ఇది చిన్న తీసివేతే గాని, హాలంతా హోరెత్తుతుండగా కొత్తగా వచ్చిన సహాయకులు గడియారం మీది అంకెనే రాసేస్తారు. అలా రాస్తే అప్పటికే పెనాల్టీ నడుస్తున్న పక్షంలో అది పవర్ ప్లే గోలో (ఎదుటి జట్టు పెనాల్టీ వల్ల తక్కువ మందితో ఆడుతుండగా చేసిన గోలో) కాదో కూడా తారుమారవుతుంది. గోల్ పడిన వెంటనే రిఫరీ బల్ల దగ్గరకొచ్చి గోల్ చేసిన ఆటగాడి నంబరు, అసిస్ట్ ఇచ్చినవారి (గోల్‌కు ముందు పక్ అందించినవారి) నంబర్లు చెబుతాడు. ఒక గోల్‌కు అసిస్టులు రెండుకు మించవు. పక్ దారిలో ఇంకొకరి కర్రకు తగిలి దిశ మారిందా అన్నది కింద కనిపించకపోవచ్చు. పైనున్నవారు రీప్లే చూసి హెడ్‌సెట్‌లో సందేహం చెబుతారు గాని, మార్చే అధికారం స్కోరర్‌దే.

అదే సమయంలో మంచు మీదున్న రెండు జట్ల ఆటగాళ్ల నంబర్లూ రాసుకోవాలి. ప్లస్-మైనస్ లెక్కకు (తాను మంచు మీద ఉండగా తన జట్టు గోల్ చేస్తే ఆటగాడికి ప్లస్, గోల్ ఇచ్చుకుంటే మైనస్) అవి ఆధారం. ఇందులో నేను కొత్తవారికి మొదట నేర్పేది చూపు క్రమం. గోల్ చేసిన జట్టు ఒకచోట గుమికూడి కౌగిలించుకుంటుంది కాబట్టి వారి నంబర్లు కొన్ని క్షణాలపాటు కళ్ల ముందే ఉంటాయి. గోల్ ఇచ్చుకున్న జట్టు తలలు వంచుకుని వెంటనే బెంచి వైపు వెళ్లిపోతుంది. కాబట్టి ముందు వీరిని రాసుకోవాలి, తర్వాత వారిని. చాలామంది సంబరాన్నే చూస్తూ ఉండిపోయి రెండో జట్టును పోగొట్టుకుంటారు. పవర్ ప్లే గోల్ అయితే ఎవరికీ ప్లస్ గాని మైనస్ గాని పడదు, సమాన సంఖ్యలో ఉన్నప్పుడు పడిన గోల్‌కూ, తక్కువ మందితో ఆడుతూ చేసిన గోల్‌కూ పడుతుంది. అయినా నంబర్లు మాత్రం ప్రతి గోల్‌కూ రాసుకోండి. పెనాల్టీ గడువు ఒక సెకను ముందే ముగిసిందని తర్వాత తేలితే ఆ కాగితమే ఆదుకుంటుంది.

షాట్ల విషయంలో కొత్తవారికీ పాతవారికీ కూడా వాదాలొస్తాయి. గోలీ (గోల్ కీపర్) ఆపకపోతే లోపలికి వెళ్లేదే లక్ష్యం మీది షాట్ అవుతుంది. గోల్ స్తంభానికి తగిలి బయటికి పోయినది, చూడడానికి ఎంత ప్రమాదకరంగా ఉన్నా, ఆ లెక్కలోకి రాదు. పక్కకు పోతున్న పక్‌ను గోలీ తన ఇష్టం కొద్దీ గ్లవ్‌తో పట్టుకున్నా అది షాటూ కాదు, సేవూ (గోలీ ఆపిన షాటూ) కాదు. సొంత గోలీకి సేవుల సంఖ్య పెంచాలన్న ఆశ ఆతిథ్య బృందాలకు సహజంగానే ఉంటుంది. దాన్ని మొదటి రోజునే తుంచేసుకోవాలి. జాతీయ పట్టికలో ఇతర గోలీల పక్కన మీ గోలీ పేరు వస్తుంది. మీ రింకులో షాట్ నిర్వచనం ఒకలా, ఇంకో రింకులో మరోలా ఉంటే ఆ పట్టికకు అర్థమే ఉండదు. గోలీకి కూడా దానివల్ల చివరికి మేలు జరగదు. వృత్తి జట్ల ప్రతినిధులు ప్రెస్ బాక్సులో మీ పక్కనే కూర్చుని ఉంటారు, ఏ రింకు లెక్కలు ఉదారంగా ఉంటాయో వారికి బాగానే తెలుసు.

మ్యాచ్ ముగిసిన తర్వాత పదిహేను ఇరవై నిమిషాలు ఈ ఉద్యోగానికి గుండెకాయ. ప్రింట్ తీసిన బాక్స్ స్కోరును (మ్యాచ్ అంకెలన్నీ ఉండే పట్టికను) అంకె అంకెకూ సరిచూడాలి. ఒక జట్టు షాట్లలోంచి ఎదుటి గోలీ సేవులు తీసేస్తే ఆ జట్టు చేసిన గోల్స్ మిగలాలి. గోలీ లేని ఖాళీ గోల్‌లో వేసినది కూడా షాటే కాబట్టి ఆ లెక్క అప్పుడూ చెల్లుతుంది, కాని ఆ గోల్ గోలీ ఖాతాలో మాత్రం పడకూడదు. పీరియడ్లవారీ షాట్ల మొత్తం, ఆటగాళ్లవారీ షాట్ల మొత్తం ఒకటి కావాలి. ఒక జట్టు గెలిచిన ఫేసాఫ్‌లు రెండో జట్టు ఓడినవాటితో సరిపోవాలి. గోలీల నిమిషాలకు ఖాళీ గోల్ సమయం కలిపితే మొత్తం ఆట సమయం రావాలి. విజయ గోల్ ఎవరిదో విడిగా చూడాలి. 5-3తో గెలిస్తే గెలిచిన జట్టు నాలుగో గోలే విజయ గోల్, చివరిది కాదు. ఈ లెక్కలన్నీ చెల్లినా బాక్స్ స్కోరులో తప్పు ఉండే అవకాశం ఉంది, కాని ఒక్కటి చెల్లకపోయినా తప్పు ఉన్నట్టే. అందుకే కంప్యూటర్ ప్రోగ్రాం దానంతటదే సరిచూస్తుందన్న ధైర్యంతో ఈ పనిని వదిలేయవద్దు. దశాబ్దాలపాటు అందరూ వాడిన స్టాట్ క్రూ అయినా, ఇప్పటి సైడార్మ్ అయినా మీరు ఎక్కించిన అంకెల్నే కూడుతుంది. 17వ నంబరుకు బదులు 11 కొట్టారని దానికి తెలియదు.

తర్వాత సందర్శక జట్టు ఎస్‌ఐడీకి కాపీ ఇచ్చి వారి పుస్తకంతో పోల్చమనాలి. ఈ మర్యాదను కొందరు లాంఛనంగా భావిస్తారు. నా దృష్టిలో రాత్రి మొత్తంలో అతి ముఖ్యమైన ఘట్టం ఇదే. వారి ఆటగాళ్ల ముఖాలు, నడక వారికే తెలుసు. మీరు నంబరు చూసి రాసిన అసిస్టును వారు మనిషిని చూసి రాసి ఉంటారు. ఇద్దరూ ఒప్పుకున్న తర్వాతే ఫైలు లీగుకూ, జాతీయ గణాంకాల వ్యవస్థకూ, పత్రికలకూ వెళ్లాలి.

ఇక ఫలితాల సేకరణ దగ్గరకు వద్దాం. మిమ్మల్ని లీగు ఫలితాల పట్టిక చూసుకోమన్నా, దేశం మొత్తం ఫలితాల ఫైలు నిర్వహించమన్నా గుర్తుంచుకోవలసింది ఒకటే. అంకెలకంటే మ్యాచ్ ఎలా ముగిసిందన్నది ముఖ్యం. మూడు పీరియడ్లలో స్కోరు సమానమైతే మామూలు సీజన్‌లో 5 నిమిషాల ఓవర్‌టైమ్‌ను ముగ్గురితో ముగ్గురు ఆడతారు. అందులో గోల్ చేసినవారికి రికార్డులో పూర్తి గెలుపు పడుతుంది. చాలా లీగుల్లో నిర్ణీత సమయంలో గెలిస్తే 3 పాయింట్లు, ఓవర్‌టైమ్‌లో గెలిస్తే 2, అందులో ఓడినవారికి 1 వస్తాయి. జాతీయ టోర్నమెంటుకు జట్లను ఎంపిక చేసే లెక్కలో ఇటీవలి సంవత్సరాల్లో అదే గెలుపును మూడింట రెండు వంతుల గెలుపుగా, ఓటమిని మూడింట ఒక వంతు గెలుపుగా చూస్తున్నారు. ఓవర్‌టైమ్‌లోనూ తేలక షూటౌట్‌కు (ఒక్కో ఆటగాడు ఒంటరిగా గోలీతో తలపడే వంతులకు) వెళితే లీగులో విజేతకు అదనపు పాయింటు దక్కుతుంది, కాని ఎన్‌సీఏఏ రికార్డులో ఆ మ్యాచ్ డ్రా మాత్రమే. అంటే ఓవర్‌టైమ్‌లో తేలిన ఒకే మ్యాచ్ మూడు పుస్తకాల్లో మూడు రకాలుగా పడుతుంది, మూడూ సరైనవే. మీ ఫైలులో స్కోరు పక్కన ముగింపు రకానికి విడిగా గడి లేకపోతే ఈ మూడింటిలో రెండు తప్పక చెడతాయి.

దీనికి అందరికీ తెలిసిన ఉదాహరణ బీన్‌పాట్. బోస్టన్ నగరపు నాలుగు జట్లు (బోస్టన్ కాలేజ్, బోస్టన్ యూనివర్సిటీ, హార్వర్డ్, నార్త్‌ఈస్టర్న్) ఫిబ్రవరి సోమవారాల్లో ఆడే ఈ టోర్నమెంటును 1952 నుంచి నిర్వహిస్తున్నారు. 2023 ఫైనల్లో నార్త్‌ఈస్టర్న్, హార్వర్డ్ 2-2తో నిలిచి షూటౌట్‌కు వెళ్లాయి. నార్త్‌ఈస్టర్న్ గెలిచి కప్పు ఎత్తుకుంది. బోస్టన్ పత్రికల్లో 3-2 అనే వచ్చింది, అభిమానుల జ్ఞాపకంలోనూ అదే ఉంటుంది. జాతీయ రికార్డులో మాత్రం అది 2-2 డ్రా. కప్పు గెలిచినవారి ఖాతాలో గెలుపు లేదు, ఓడినవారి ఖాతాలో ఓటమి లేదు. ఈ సంగతి తెలియక 3-2 అని ఎక్కించినవారి పట్టికలో ఎవరూ చేయని ఒక గోల్ పుట్టుకొస్తుంది. నేను చూసిన ఒక ఫైలులో అలా పుట్టిన గోల్ గోలీ సగటులోకి కూడా పాకింది. సీజన్ చివర ఆటగాళ్ల గోల్స్ మొత్తం జట్టు గోల్స్‌తో కలవకపోయేసరికి అది బయటపడింది, అప్పటికి వారాలు గడిచిపోయాయి.

అలాంటివి ముందే పట్టుకోవడానికి లీగు స్థాయిలో ఒక సులువైన తనిఖీ ఉంది. లీగులో లోపలివారు లోపలివారితో ఆడిన మ్యాచ్‌లను మాత్రమే తీసుకుంటే అందరి గెలుపుల మొత్తం అందరి ఓటముల మొత్తంతో, చేసిన గోల్స్ మొత్తం ఇచ్చిన గోల్స్ మొత్తంతో సమానం కావాలి. డ్రాల మొత్తం సరిసంఖ్య కావాలి. ప్రతి శనివారం రాత్రి ఈ మూడూ చూడండి. ఒక్క నిమిషం పని, స్క్రిప్టుతో అయితే అదీ పట్టదు.

ప్రదర్శన మ్యాచ్‌లు మరో ఉచ్చు. సీజన్ మొదట్లోనూ సెలవుల తర్వాతా కెనడా విశ్వవిద్యాలయాలతో, అమెరికా జాతీయ అభివృద్ధి కార్యక్రమపు అండర్-18 జట్టుతో కాలేజీ జట్లు ఆడుతుంటాయి. టికెట్లు అమ్ముతారు, రిఫరీలుంటారు, బాక్స్ స్కోరు వస్తుంది, కాని అవి రికార్డులోకి రావు, అందులో చేసిన గోల్స్ ఆటగాడి ఖాతాలో చేరవు. అలాగే లీగు పోటీదారులైన రెండు జట్లు ఒక్కోసారి లీగుకు లెక్కరాని మ్యాచ్ ఆడతాయి. జట్ల పేర్లు చూసి రకం ఊహించవద్దు, సీజన్‌కు ముందే షెడ్యూలులో ప్రతి మ్యాచ్‌కూ రకం రాసిపెట్టుకోండి.

ఇంత పట్టుదల ఎందుకని మీకు అనిపించవచ్చు. 2003 నుంచి జాతీయ టోర్నమెంటుకు 16 జట్లు వెళుతున్నాయి. ఆరు లీగుల ఛాంపియన్లకు నేరుగా చోటుంటుంది, మిగిలిన పది చోట్లు లెక్క ప్రకారం దక్కుతాయి. చాలాకాలం ఈ లెక్క పెయిర్‌వైజ్ పద్ధతిలో సాగింది. ప్రతి జట్టునూ ప్రతి ఇతర జట్టుతో జంటగా పోల్చి, ఆర్‌పీఐ సూచీ (తన, ప్రత్యర్థుల గెలుపు శాతాలు కలిపి కట్టేది), ఉమ్మడి ప్రత్యర్థులపై ఫలితాలు, ముఖాముఖి ఫలితాలు చూసేవారు. 2025-26 సీజన్ నుంచి పురుషుల విభాగంలో దాని స్థానంలో ఎన్‌పీఐ (ఎన్‌సీఏఏ పర్సెంటేజ్ ఇండెక్స్) అనే సూచీ వచ్చింది. పేరు ఏదైనా స్వభావం ఒకటే. మీ జట్టు విలువ మీ ఫలితాలమీదే కాక మీ ప్రత్యర్థుల ఫలితాలమీద కూడా ఆధారపడుతుంది. నవంబరులో ఎక్కడో రెండు అనామక జట్ల మధ్య జరిగిన మ్యాచ్ తప్పుగా నమోదైతే మార్చిలో వారితో ఏ సంబంధమూ లేని మూడో జట్టు సూచీ నాలుగో దశాంశ స్థానంలో కదులుతుంది. పదహారో చోటుకు పోటీపడే జట్ల మధ్య తేడా కొన్నిసార్లు ఆ స్థానంలోనే ఉంటుంది. అభిమానులు గౌరవించే క్రాచ్ ర్యాంకింగును కెన్ బట్లర్ గెలుపోటముల జాబితా ఒక్కదాని మీదే నిర్మించారు. జాబితా శుద్ధంగా లేకపోతే గణితం ఎంత చక్కటిదైనా నిష్ఫలం.

మీది కంప్యూటర్ సైన్స్ కాబట్టి ఫలితాలు దానంతటదే తెచ్చుకునే స్క్రిప్టు రాయమని ఏదో ఒకరోజు అడుగుతారు. అప్పుడు తేదీల దగ్గర జాగ్రత్త వహించండి. అలాస్కా జట్లు ఫెయిర్‌బ్యాంక్స్‌లోనూ యాంకరేజ్‌లోనూ ఆడతాయి. అక్కడి సమయం తూర్పు తీరానికి నాలుగు గంటలు వెనుక. ఫెయిర్‌బ్యాంక్స్‌లో శుక్రవారం రాత్రి 7 గంటలకు మొదలైన మ్యాచ్ బోస్టన్‌లో 11 గంటలకు మొదలైనట్టు, హైదరాబాద్‌లో చలికాలమైతే శనివారం ఉదయం తొమ్మిదిన్నర. యూటీసీలోనూ (ప్రపంచ ప్రామాణిక సమయంలోనూ) అప్పటికే శనివారం వచ్చేసి ఉంటుంది. సర్వర్ సమయాన్ని తేదీగా తీసుకుంటే శుక్రవారం మ్యాచ్ శనివారంలో పడుతుంది. అవే రెండు జట్లు అదే రింకులో మర్నాడు మళ్లీ ఆడతాయి గనుక మీ స్క్రిప్టు ఒకదాన్ని నకలుగా భావించి చెరిపేస్తుంది. ఆరిజోనాలో వేసవి సమయం పాటించరు కాబట్టి టెంపేకీ బోస్టన్‌కీ తేడా అక్టోబరులో మూడు గంటలు, జనవరిలో రెండు గంటలు. మిషిగన్ ఎగువ ద్వీపకల్పంలో హౌటన్ పడమరగా ఉన్నా తూర్పు సమయమే పాటిస్తుంది, అక్కడికి వచ్చే మిన్నెసోటా జట్లది మధ్య సమయం. మ్యాచ్ ఆతిథ్య నగరంలో ఏ తేదీన మొదలైందో అదే దాని తేదీ. దీన్ని విడి గడిలో అక్షర రూపంలో నిల్వ చేయండి, గంటల నుంచి లెక్కగట్టవద్దు.

ఎప్పుడు ముగిసిందన్నది తేదీని మార్చదు. నాకౌట్ మ్యాచ్‌ల్లో షూటౌట్ ఉండదు, గోల్ పడేదాకా 20 నిమిషాల ఓవర్‌టైమ్‌లు ఐదుగురితో ఐదుగురు ఆడుతూనే ఉంటారు. 2015 మార్చి 6న నోటర్‌డామ్‌లో ఆతిథ్య జట్టుపై మసాచుసెట్స్ ఐదో ఓవర్‌టైమ్‌లో 4-3తో గెలిచిన మ్యాచ్ 151 నిమిషాల 42 సెకన్లు సాగి అర్ధరాత్రి దాటింది. మొదటి డివిజన్‌లో అంతకంటే దీర్ఘమైన మ్యాచ్ లేదు. 2021 మార్చి 27న ఫార్గోలో జాతీయ టోర్నమెంటు ప్రాంతీయ ఫైనల్లో మిన్నెసోటా డులుత్ జట్టు నార్త్ డకోటాపై 3-2తో గెలవడానికి 142 నిమిషాల 13 సెకన్లు పట్టింది. ఇక్కడ గణాంకాల బృందానికి ఇంకో పరీక్ష ఎదురైంది. డులుత్ గోలీ జాక్ స్టేస్కల్ అన్ని గంటలు ఆడాక కండరాలు పట్టేసి బయటికి వచ్చాడు, ర్యాన్ ఫాంటీ లోపలికి వెళ్లాడు. విజయ గోల్ పడినప్పుడు గోల్‌లో ఎవరున్నారో వారికే గెలుపు దక్కుతుంది కాబట్టి రాత్రంతా మోసినవాడికి కాక చివర్లో వచ్చినవాడికి గెలుపు నమోదైంది. మనసుకు అన్యాయంగా తోస్తుంది, కాని పుస్తకం నియమం ప్రకారమే నడవాలి. స్టేస్కల్ ఎంత ఆడాడో చెప్పడానికి అతని నిమిషాలూ సేవులూ ఉన్నాయి. గోలీ మారిన సెకను రాసుకున్నవారు ఉండబట్టే అవి చెరిసగం కాకుండా ఎవరివి వారికి చేరాయి.

ఇంటర్నెట్ రాకముందు ఈ పనంతా టెలిఫోన్, ఫ్యాక్స్ మీద నడిచేది. ఎస్‌ఐడీలు మ్యాచ్ కాగానే పత్రికల క్రీడా విభాగాలకు వరుసగా ఫోన్లు చేసి స్కోరు చదివి వినిపించేవారు, లీగు కార్యాలయం ఫ్యాక్సులు కూడేసి వారానికోసారి పట్టికలు పంపేది. 1996లో యూఎస్‌సీహెచ్‌ఓ వంటి కాలేజీ హాకీ వెబ్‌సైట్లు మొదలయ్యాక దేశం మొత్తం ఫలితాలు ఒకేచోట అదే రాత్రి చూసే వీలు కలిగింది. ఫోన్లో చదివి వినిపించే అలవాటులో ఒక మంచి ఉండేది. విన్నవారు తిరిగి చదివేవారు, తప్పు అక్కడే దొరికేది. ఇప్పుడు ఫైలు నిశ్శబ్దంగా వెళుతుంది గనుక తిరిగి చదివే పని మీరే కల్పించుకోవాలి. పంపిన ఫైలును ప్రజలు చూసే పేజీలో తెరిచి మొదటి నుంచి చివరిదాకా చదవండి.

దిద్దుబాట్లు తప్పవు. వీడియో చూసిన కోచ్ అసిస్టు మార్చమని అడుగుతాడు. లీగు నిర్ణయించిన గడువులోగా స్కోరర్ ఒప్పుకుంటే మార్చాలి. మార్చినప్పుడు మీ కాపీ మాత్రమే కాక బయటికి వెళ్లిన ప్రతి కాపీ మారేలా చూడాలి, ఏది ఎప్పుడు ఎందుకు మారిందో ఒక చోట రాసి ఉంచాలి. ఇలాంటి క్రమశిక్షణ ఉన్నందువల్లే 2012 డిసెంబరు 29న బోస్టన్ కాలేజ్ కోచ్ జెర్రీ యార్క్ 925వ గెలుపుతో రాన్ మేసన్ రికార్డును దాటాడని ఆ రాత్రే సందేహం లేకుండా చెప్పగలిగారు. మూడు కాలేజీల్లో దశాబ్దాలుగా వేర్వేరు చేతులు రాసిన పద్దుల మొత్తం ఆ అంకె. 2022లో విరమించేనాటికి అది 1,123కు చేరింది. మరోవైపు, ఆడినది ఆడినట్టే ఉన్నా నిబంధనల ఉల్లంఘన కారణంగా ఎన్‌సీఏఏ ఫలితాన్ని రద్దుచేసే సందర్భాలూ ఉన్నాయి. 1992 జాతీయ ఫైనల్లో లేక్ సుపీరియర్ స్టేట్ చేతిలో ఓడిన విస్కాన్సిన్ టోర్నమెంటు ప్రస్థానం అలా రికార్డు నుంచి తొలగింది. అటువంటప్పుడు స్కోరును చెరపకూడదు, గుర్తు పెట్టి వివరణ రాయాలి. జరిగిన ఆటను జరగలేదని రాస్తే ఎదుటి జట్టు పద్దు కూడా అబద్ధమవుతుంది.

వార్త రాయడం గురించి క్లుప్తంగా చెబుతాను. మొదటి వాక్యంలోనే ఎవరు, ఎవరిపై, ఎంతతో, ఎక్కడ, ఎలా (నిర్ణీత సమయంలోనా, ఓవర్‌టైమ్‌లోనా, షూటౌట్‌లోనా) అన్నవి వచ్చేయాలి. రెండు జట్ల తాజా గెలుపోటములూ లీగు స్థానమూ ఆ వెంటనే ఉండాలి. ఆటగాడి గాయం గురించి కోచ్ గాని ఎస్‌ఐడీ గాని చెప్పిందానికి మించి ఒక్క మాట రాయవద్దు, మీరు కళ్లారా చూసినా సరే. పేర్ల విషయంలో మరింత శ్రద్ధ పెట్టండి. ఈ జట్లలో ఫిన్లాండ్, స్వీడన్, స్లోవేకియా, లాత్వియా నుంచి వచ్చిన కుర్రాళ్లుంటారు. మన ఇంటిపేర్లను ఇక్కడి ఫారాల్లో ఎలా విరిచేస్తారో, ఏది పేరో ఏది ఇంటిపేరో తేలక ఎన్ని ఉత్తరాలు రాయవలసి వస్తుందో మీకు అనుభవమే కదా. సందర్శక జట్టు ఉచ్చారణ పట్టిక ముందురోజే తెప్పించుకుని ప్రకటన చేసేవారికి చదివి వినిపించండి. ఎక్కడో దేశాంతరంలో కూర్చుని ప్రసారం వినే ఒక తల్లికి తన కొడుకు పేరు సరిగ్గా వినబడడం చిన్న విషయం కాదు.

వచ్చే మ్యాచ్‌లోగా చేయదగిన అభ్యాసం ఒకటి చెబుతాను. మీ జట్టు గత వారాంతపు రెండు బాక్స్ స్కోర్లు తీసుకుని, వీడియో రికార్డింగ్ ముందు పెట్టుకుని, షాట్లు మీరే లెక్కపెట్టి చూడండి. అధికారిక సంఖ్యతో తేడా వచ్చిన ప్రతిచోటా ఆపి ఎందుకొచ్చిందో రాసుకుని మీ ఎస్‌ఐడీకి చూపించండి. వారు ఎందుకు అలా లెక్కించారో చెబితే ఆ రింకు పద్ధతి మీకు ఒక్క సాయంత్రంలో అర్థమవుతుంది. మరొక ఆచరణ విషయం: ఎఫ్-1 వీసా మీద సెమిస్టర్ నడిచేటప్పుడు క్యాంపస్ పని వారానికి 20 గంటలకు మించకూడదు. శుక్ర, శనివారాల మ్యాచ్‌లు ఓవర్‌టైమ్‌లకు వెళితే, ఆదివారం దిద్దుబాట్లు చేరితే గంటలు మీకు తెలియకుండానే పెరుగుతాయి. కాబట్టి గ్రంథాలయంలోనో ల్యాబ్‌లోనో మరో పని కూడా ఉంటే రెండింటి గంటలూ కలిపి లెక్కవేసుకుని, మీ షిఫ్టులను సీజన్ షెడ్యూలు చేతిలో పెట్టుకుని ఇప్పుడే మీ ఎస్‌ఐడీతో మాట్లాడి ఖరారు చేసుకోండి.